వెనక బ్రేకు లైనర్లు

అన్న పోయిన మూడో నెలలో ఒక ఉదయం పద్మ ఫోన్ చేసింది. పద్మ మా అన్న జంగయ్య కూతురు. శంషాబాద్‌లో అన్న కట్టిన ఇంట్లోనే ఉంటుంది. "చిన్నబాపు, ఏనుగును బయటికి తీయించిన. ఎయిర్‌పోర్టు తొవ్వల కొత్త హోటలోళ్లు అడుగుతున్నరు, ముందర నిలబెట్టుకుంటరట. నువ్వొచ్చి ఒకసారి చూస్తవా?" అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి డైరీ తెరిచి, తేదీ కింద "ఏనుగును బయటికి తీశారు" అని రాసి ఆగిపోయాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి ఈనాటి దాకా నేను డైరీ రాయని రోజు లేదు. జ్వరం వస్తే జ్వరమని రాశాను, ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాశాను. ఆ రోజు పేజీ మాత్రం ఆ ఒక్క వాక్యంతోనే మిగిలిపోయింది.

ఏనుగు అంటే మోటారు సైకిలు. పెద్ద కారు ఇంజను పెట్టి మా అన్న చేయించిన మోటారు సైకిలు. బడంగ్‌పేట్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లేసరికి అది వాకిట్లో ఎండలో నిలబడి ఉంది. అన్ని దశాబ్దాలు రేకుల కొట్టంలో గోనెసంచుల కింద పడి ఉన్న వస్తువు ఎండలోకి వచ్చేసరికి నా కళ్లకు ఇంకా పెద్దదిగా కనిపించింది. ఇంజనంతా తుప్పు. తొట్టిలా వెడల్పుగా ఉన్న సీటు మీద ఎలుకలు కొరికిన గుర్తులు. ముందు చక్రం వంగి ఉంది, ఆనాడు ఎలా వంగిందో అలాగే. కుడి వైపు బ్రేకు తొక్కే ఇనుప పట్టీ మాత్రం నేను చూడలేదు. అటువైపు వెళ్లకుండా ఎడమ పక్కనే నిలబడ్డాను. పైనుంచి విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ చప్పుడు తగ్గాక పద్మ అంది, "ఎవరు చేసిన్రో, ఎట్ల చేసిన్రో నాలుగు ముక్కలు రాసియ్యి చిన్నబాపు. బోర్డు పెడ్తరట. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు రాస్తవు."

ఉన్నది ఉన్నట్టు రాస్తాడన్న మాట నా గురించి మా బాపు కూడా అన్నాడు. అది ఎక్కడ అన్నాడో, దానివల్ల ఏమైందో చెప్పడానికే ఈ అధ్యాయం.

అప్పుడు మాకు ఊరి బయట ద్రాక్షతోట ఉండేది. ఆ నేల ఇప్పుడు విమానాశ్రయం గోడకు లోపల ఉంది. ఆ రోజుల్లో శంషాబాద్ అంటే బెంగుళూరు రోడ్డు మీద ఒక ఊరు. రోడ్డుకు రెండు వైపులా కొన్ని ఇళ్లు, లారీలు ఆగే హోటళ్లు, వాటి వెనక తోటలు. మా ఇంట్లో పొద్దు అమ్మ రొట్టెల చప్పుడుతో మొదలయ్యేది. జొన్నపిండిని అరచేత్తో చరిచే ఆ చప్పుడు ఆగిందంటే పొయ్యి మీద చివరి రొట్టె పడిందని అర్థం, ఇక ఎవరూ పడుకుని ఉండకూడదు. బాపు వేపపుల్ల నములుతూ దొడ్డి చుట్టూ తిరిగి, ఎద్దుల వీపు మీద చెయ్యి వేసి, వాటితో రెండు మాటలు మాట్లాడిన తర్వాతే మాతో మాట్లాడేవాడు. అన్న తోట నుంచి వస్తే తీగల మీద చల్లే గంధకం వాసన వచ్చేది. ఆ వాసనతోనే నాకు అన్న ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసేది. తర్వాత ఆ గంధకానికి పెట్రోలు, గ్రీజు తోడయ్యాయి. అన్న అంగీలను అమ్మ విడిగా నానబెట్టేది. "తోట వాసన, లారీ వాసన రెండు కలిసొస్తున్నయి. వీడు మనిషా, మడిగనా," అని గొణిగేది. మడిగ అంటే దుకాణం.

ఆ ఇంజను నిజానికి బావి కోసం వచ్చింది. పట్నంలో ఒక నవాబుగారి దేవిడీలో చక్రాలు ఊడి పడి ఉన్న పాత విదేశీ కారు నుంచి అన్న దాన్ని తెచ్చాడు. ఆరు సిలిండర్ల ఇంజను. పంపుకు తగిలించి నీళ్లు తోడదామని అన్న ఆలోచన. నీళ్లయితే తోడింది. కానీ అది పారించే నీళ్ల కంటే తాగే పెట్రోలే ఎక్కువని రెండు రోజుల్లోనే తేలిపోయింది. బాపు ఎద్దులతో నీళ్లు తోడే మోటు మళ్లీ కట్టించి, ఇంజనును తోటలో ఒక మూలకు తోయించాడు. అన్నకు మాత్రం దాని చప్పుడు చెవుల్లోంచి పోలేదు. ఒక నెల తర్వాత రొట్టె తింటూ తింటూ, "దీన్ని మోటారు సైకిల్‌కు పెడ్త," అన్నాడు.

బాపు నవ్వలేదు. చెంబు కింద పెట్టి, "నాలుగు కాళ్లదాని గుండెకాయ తెచ్చి రెండు కాళ్లదానికి పెడ్తవా? ఏంది బిడ్డా, నీకు దేవుడు తక్కువ పని ఇచ్చిండా?" అన్నాడు.

"దేవునికి లారీ మెకానిక్కు దొరకలే బాపు. నాకు దొరికిండు," అన్నాడు అన్న.

దొరికినవాడు ఖాదర్ ఉస్తాద్. బెంగుళూరు రోడ్డు మీద ఆయన షెడ్డు ఉండేది. సన్నటి మనిషి. ఎప్పుడూ లారీ కిందే ఉండేవాడు కాబట్టి, ఊళ్లో చాలామందికి ఆయన ముఖం కంటే కాళ్లు బాగా తెలుసు. ఆయనకు ఒక అలవాటు. విప్పిన నట్లను, పిన్నులను కింద పెట్టేవాడు కాదు, మట్టిలో కలుస్తాయని పెదాల మధ్య పట్టుకునేవాడు. అందుకే ఆయన ఎప్పుడూ ఒక్క మాటలోనే జవాబు చెప్పేవాడు. రెండో మాట అంటే నట్టు జారిపడుతుంది. ఆయనకు ఉర్దూ, మా తెలుగు రెండూ సమానంగా వచ్చు. ఏ భాషలో చిన్న మాట దొరికితే ఆ భాషలో అనేవాడు. దసరా ముందు మా అమ్మ పసుపు కుంకుమ తీసుకుపోయి ఆయన పానాలకు, సుత్తెలకు బొట్టు పెడితే ఎన్నడూ వద్దనలేదు. "పెట్టు అక్కా. వాటికి నమాజ్ రాదు," అనేవాడు. ఆ మాట అనడానికి మాత్రం పెదాల మధ్య నట్లు తీసేవాడు.

ఏడాదికి పైగా ఇద్దరూ దాని పని మీద కూర్చున్నారు. ఇంజను కారుది, వెనక చక్రం జీపుది, ముందు చక్రం ఒక పాత మిలిటరీ మోటారు సైకిలుది, సీటు ట్రాక్టరుది. మధ్యలో ఉన్న ఇనుప చట్రం ఒక్కటే వాళ్లది. మందపాటి గొట్టాలను వంచి, అతికి, మళ్లీ విరగ్గొట్టి అతికారు. ఒకసారి చట్రం సరిపోయిందనుకుంటే అన్న కాళ్లు నేలకు అందలేదు. ఇంకోసారి కాళ్లు అందాయి కానీ ఇంజను నేలకు తగిలింది. అది నిలబడిన మొదటి రోజు చూడ్డానికి ఊరంతా వచ్చింది. దాన్ని లేపడానికి నలుగురు పట్టారు. ఎవరో "అరే, ఏనుగు లెక్కుంది," అన్నారు. అప్పటి నుంచి అదే పేరు. అమ్మ దానికి బెల్లం ముక్క తెచ్చింది. "ఏనుగంటిరి గద, తినదా మరి," అని ట్యాంకు మీద పెట్టి వెళ్లిపోయింది. చీమలు పట్టాయని అన్న రెండు రోజులు తిట్టాడు.

నేను అప్పుడే తహసీలు కార్యాలయంలో రికార్డుల విభాగంలో చేరాను. కాగితం మీద లేనిది జరగనట్టేనని అక్కడ నేర్పారు. నేను ఆ పాఠాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. ఏనుగు కోసం ఒక అట్టపుస్తకం కుట్టి, పని పుస్తకం అని పేరు పెట్టాను. ఏ రోజు ఏ పని అయింది, ఏది మిగిలింది అని రోజూ రాసేవాణ్ని. అన్న నాలుగో తరగతితో బడి మానేశాడు. ఉస్తాద్‌కు ఉర్దూ రాత తప్ప రాదు. అందుకని పుస్తకం పూర్తిగా నాదయింది. నా పేరు సత్తయ్య అయినా అన్న నన్ను మున్షీ అని పిలిచేవాడు. సాయంత్రం ఇల్లు చేరగానే మొదటి ప్రశ్న, "మున్షీ, రాసినవా?" రాశానంటే ఆ పని అయినట్టు. రాయలేదంటే కాలేదన్నట్టు. కళ్లెదుట బిగించిన నట్టును కూడా పుస్తకంలో ఎక్కితేనే నమ్మేవాడు. అది నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

చివరకు బ్రేకు ఒక్కటే మిగిలింది. ముందు బ్రేకు పాత మోటారు సైకిలుది, ఆ బరువుకు అది ఏమూలకూ చాలదు. ఆపాల్సింది వెనక చక్రమే. జీపు డ్రమ్ము ఉంది, లోపల బ్రేకు షూలు ఉన్నాయి, వాటికి అతికి చక్రాన్ని పట్టి ఆపే లైనర్లు మాత్రం అరిగి రేకు తేలాయి. కొత్తవి పట్నంలో చేయించి తేవాలి. డ్రమ్ము మూసి ఉంటే లోపల లైనర్లు ఉన్నాయో లేవో పైనుంచి చూసినవాడికి తెలియదు. ఈ సంగతి ఉస్తాద్ అన్నతో నా ముందే చెప్పాడు. "లైనర్లు పడకుంటే రోడ్డెక్కొద్దు," అన్నాడు. అది కూడా పుస్తకంలో రాశాను.

దసరా దగ్గరికొచ్చింది. తోటలో కత్తిరింపుల కాలం కూడా అదే. తీగలు కత్తిరించే పనిలో అన్న రెండు మూడు రోజులు షెడ్డు వైపు రాలేకపోయాడు. ఆఫీసు నుంచి సైకిలు మీద వచ్చేటప్పుడు ఆ దారిలోనే వస్తాను కనుక, సంగతి కనుక్కుని రాసే పని నాది.

సద్దుల బతుకమ్మ రోజు. అమ్మ గునుగుపూలు తెమ్మంటే సైకిలు వెనక పెద్ద కట్ట కట్టుకుని వస్తున్నాను. ఆలస్యమైంది. షెడ్డు ముందు సైకిలు దిగలేదు, ఒక కాలు నేలకు ఆనించి ఆగానంతే. ఉస్తాద్ లారీ కింద ఉన్నాడు. "ఉస్తాద్, లైనర్లు ఏసినవా?" అని అడిగాను. కింద నుంచి ఒక్క మాట వచ్చింది.

"కల్."

నిన్ననే వేశాడన్నమాట, అనుకున్నాను. సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను. అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, "పూలు ఏడికి బోయినయిరా, చీకటైనంక పేరుస్తనా?" అని తిట్టింది. కట్ట దింపి లోపలికి పోయి, మరిచిపోకముందే పుస్తకం తీసి రాశాను. "వెనక బ్రేకు లైనర్లు – నిన్న వేయడం అయింది. ఉస్తాద్ చెప్పాడు." అందంగా రాశాను. కింద గీత కూడా కొట్టాను, ఎందుకంటే అది చివరి పని.

మర్నాడు ఆయుధపూజ. పొద్దున్నే అన్న, బాపు, నేను షెడ్డుకు వెళ్లాం. ఉస్తాద్ లేడు. పట్నం పోయాడని పక్క హోటలువాళ్లు చెప్పారు. పండగపూట ఏదో పని ఉండి ఉంటుందనుకున్నాం. ఎందుకు పోయాడని మాలో ఎవరమూ అడగలేదు. అన్న ఏనుగును కడిగి, బంతిపూల దండ వేసి, పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. పూజ చేసిన బండిని కదిలించకుండా అలాగే నిలబెట్టకూడదు. నిమ్మకాయలు తొక్కించాలి. అన్న ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి పెట్టాడు. బాపు అన్నాడు, "నిమ్మకాయలు తొక్కిచ్చి లోపల వెట్టు. ఉస్తాద్ వచ్చినంక చూద్దాం."

అన్న నా వైపు తిరిగాడు. "మున్షీ, లైనర్లు రాసినవా?"

"రాసిన."

"చదువు."

చదివాను. అన్న ముఖం వెలిగిపోయింది. "ఇగ ఏముంది బాపు, చౌరస్తా దాక పోయొస్త," అన్నాడు. బాపు కూడా వద్దనలేదు. రాసి ఉంది కదా.

దాని చప్పుడు ఎలా ఉండేదో రాయాలని ఎన్నోసార్లు అనుకున్నాను, రాయలేకపోయాను. నేల కింద ఏదో నడుస్తున్నట్టు ఉండేది. నిమ్మకాయలు నలిగాయి. అన్న రోడ్డెక్కాడు. మేము వెనక పరుగెత్తాం, నవ్వుతూ. షెడ్డు దాటాక రోడ్డు కొంచెం దిగుడు, దిగుడు చివర కాలువ మీద చిన్న మోరీ, అంటే కల్వర్టు. ఆ మోరీ మీదికి అప్పుడే ఒక గొర్రెల మంద ఎక్కింది, దసరాకు అమ్మడానికి తోలుకొస్తున్నవి. మంద వెనక చంకలో పిల్లతో ఒక ఆడమనిషి. వెనక నుంచి నాకు అన్న వీపు, కుడికాలు కనిపిస్తున్నాయి. ఆ కాలు పట్టీని తొక్కుతోంది, లేచి మళ్లీ తొక్కుతోంది. ఎన్నిసార్లు తొక్కాడో నేను లెక్కపెట్టలేదు. బండి ఆగలేదు. చివరి క్షణంలో అన్న దాన్ని రోడ్డు పక్కకు తిప్పి మోరీ గోడకు కొట్టాడు. గొర్రెలకు, ఆ తల్లికి, పిల్లకు ఏమీ కాలేదు. అన్న కుడికాలు ఇంజనుకూ గోడకూ మధ్య పడింది. తొక్కిన కాలే పోయింది.

పట్నంలో పెద్ద దవాఖానలో మోకాలి పైదాకా తీసేశారు. మేము బయట వరండాలో బెంచీ మీద ఉన్నాం. నా చేతిలో పని పుస్తకం అలాగే ఉంది, ఎందుకు పట్టుకొచ్చానో నాకే తెలియదు. మధ్యాహ్నం దాటాక ఉస్తాద్ వచ్చాడు. షెడ్డుకు తిరిగొచ్చి, సంగతి విని, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాడట. చేతిలో ఉర్దూ పేపరులో చుట్టిన పొట్లం ఉంది.

బాపు లేచాడు. "ఏం ఖాదరూ, చెయ్యని పని చేసిన అని ఎట్ల జెప్తివి? నా కొడుకు నీకేం జేసిండు?"

"నేనెప్పుడు చెప్పిన పటేలా?" అన్నాడు ఉస్తాద్. అర్థం కాక నా వైపు చూశాడు. "సత్తి మియా, నేను ఏమన్న?"

అందరూ నా వైపు తిరిగారు. ఏమన్నాడో గుర్తు చేసుకోవాల్సింది. నేను పుస్తకం తెరిచాను. "నిన్న వేయడం అయింది. ఉస్తాద్ చెప్పాడు," అని చదివాను.

"ఇన్నవా?" అన్నాడు బాపు. "వాడు ఉన్నది ఉన్నట్టు రాస్తడు." అని వెనక్కి తిరిగి, గోడకు తల ఆనించుకుని నిలబడ్డాడు.

ఉస్తాద్ నా దగ్గరికి వచ్చాడు. నాకు మాత్రమే వినిపించేలా, "కల్ అన్న గద మియా," అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఉర్దూలో నిన్నకూ రేపుకూ ఒకటే మాట. రెండూ కల్. ముందో వెనకో ఇంకొక మాట ఉంటే తప్ప ఏ కల్ అన్నది తెలియదు. పెదాల మధ్య పిన్నులున్న మనిషి ఆ ఇంకో మాట అనలేదు. సైకిలు దిగని మనిషి అడగలేదు. పుట్టినప్పటి నుంచి ఆ రెండు భాషల మధ్యనే పెరిగినవాణ్ని, ఏ కల్ ఉస్తాద్ అని అడిగితే చాలు, పిన్నులు తీసి చెప్పేవాడు. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. నేను నోరు తెరుస్తానని నిలబడ్డాడు. నేను పుస్తకం మూశాను. ఆయన పొట్లం బెంచీ మీద నా పక్కన పెట్టి వెళ్లిపోయాడు. అందులో కొత్త లైనర్లు ఉన్నాయి.

చెయ్యని పనిని చేశానన్న మెకానిక్కు దగ్గరికి ఎవరు పోతారు? ఒక్కో లారీ తగ్గుతూ వచ్చి, మరుసటి వానాకాలానికి షెడ్డు మూతపడింది. ఆయన బాలాపూర్ వైపు పోయాడని విన్నాను. అది కూడా డైరీలో ఉంది, ఒకే ఒక్క పంక్తి. నేను ఆయన గురించి ఎంత తక్కువ రాశానో ఈ మధ్య పాత డైరీలు తిరగేస్తే తెలిసింది. దవాఖాన రోజు పేజీలో డాక్టర్లు చెప్పింది, బస్సులు తిరిగిన వేళలు, అమ్మ తిన్నది తిననిది అన్నీ ఉన్నాయి. కల్ అన్న మాట లేదు.

అన్నకు చెప్పాలనుకోలేదని కాదు. తోట పోయి, ఇటు ఇల్లు కట్టుకున్నాక అన్న పొద్దంతా వరండాలో కూర్చుని విమానాలు చూసేవాడు. చూడ్డం కంటే వినడమే ఎక్కువ. ఏ విమానం ఇంజను బాగుందో, దేనికి దగ్గు పట్టిందో చెప్పేవాడు. ఒక రోజు నేను మొదలుపెట్టాను. "అన్నా, ఖాదర్ ఉస్తాద్ సంగతి..." అన్నానో లేదో, అన్న చెయ్యెత్తాడు.

"వాని పేరు తియ్యకు మున్షీ. నాకు రెండు కాళ్లున్నయిరా. ఒకటి ఇది," అని తొడ మీద కొట్టుకున్నాడు, "ఇంకోటి వాని మీద కోపం. ఆ రెండింటితోనే నిలబడ్డ."

నవ్వుతూనే అన్నాడు. ఆ రెండో కాలు నేను ఎలా తీసేయను అనుకున్నాను. చాలా ఏళ్లు ఆ సాకుతో గడిపాను. అన్న కోసం ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అన్న పోయాక ఆ సాకు కూడా పోయింది, భయం మాత్రం అలాగే ఉంది. ఊరుకున్నది మొదటి నుంచీ నా కోసమేనని అప్పుడు తెలిసింది.

పద్మ బోర్డుకు రాసివ్వమన్న తర్వాత వారం రోజులు నేను ఏమీ రాయలేదు. తర్వాత ట్రంకు పెట్టె అడుగు నుంచి ఆ పొట్లం తీసుకుని బాలాపూర్ వెళ్లాను. లారీ షెడ్లలో ముసలి మెకానిక్కులను అడిగితే మూడో మనిషికి తెలిసింది. ఉస్తాద్ లేడు. ఎప్పుడో పోయాడు. బిడ్డ ఉంది, సీటు కవర్లు కుట్టే దుకాణం నడుపుతోంది, పేరు నసీమా.

దుకాణానికి వెళ్లేసరికి ఆమె ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. యాభై దగ్గర పడుతున్న మనిషి, వేళ్లకు దారాలు చుట్టుకుని ఉన్నాయి. "అరే భాయ్, నిన్న బోలీ నా మై, రేపు ఆవో కర్‌కే," అంది. ఉర్దూ మధ్యలో నిన్న, రేపు వినిపించి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఫోన్ పెట్టేసి, "కూసోండి చాచా, ఏం గావాలె?" అంది.

"అమ్మా, నువ్వు కల్ అనవా?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "మా ఇంట్ల ఆ మాట లేదు చాచా. మా అబ్బా అననియ్యకపోతుండె. ఉర్దూ మాట్లాడినా నిన్న, రేపు అనుడే. చిన్నగున్నప్పుడు నేను అవి ఉర్దూ మాటలే అనుకున్న. ఇస్కూల్ల అందరు నవ్విన్రు. షెడ్డుల గిరాకీలు గూడ నవ్వేటోళ్లు. అబ్బా మాత్రం నోట్ల పిన్నులు తీసి, రేపు, అని చెప్పి, మళ్ల పెట్టుకుంటుండె."

నేను పొట్లం బల్ల మీద పెట్టాను. ఉర్దూ పేపరు గోధుమరంగుకు తిరిగి ముట్టుకుంటే పొడి రాలుతోంది. మొత్తం చెప్పాను. సైకిలు దిగకపోవడం, పుస్తకం చదవడం, మూయడం. ఆమె కత్తెర కింద పెట్టి విన్నది. "నేను పుట్టకముందు ముచ్చట," అంది చివరికి. తర్వాత అడిగింది, "జంగన్న చాచాకు చెప్పినవా?"

"లేదు."

"ఆయన పిల్లలకు?"

"చెప్పలేదు."

"మరి నాకు చెప్పుడు ఎందుకు చాచా? మాకు ఎప్పుడో తెలుసు. నీ తప్పు ఒక్కటే గాదు, నాదీ ఉంది, ఇంకో మాట అనకపోతి అని అంటుండె అబ్బా. తెల్వాల్సింది వాళ్లకు." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. పొట్లాన్ని నా వైపు తోసింది. "ఇది మాది గాదు. బండిది."

అక్కడి నుంచి నేరుగా శంషాబాద్ వెళ్లాను. ఇంటికి పోతే మళ్లీ ధైర్యం చాలదని తెలుసు. అన్న కూర్చునే వరండాలోనే కూర్చుని పద్మకు చెప్పాను. ఒక విమానం వచ్చింది, పోయింది. "మా బాపు సచ్చేదాంక ఆయన్ను తిట్టుడు ఇడువకపోయె గద, చిన్నబాపు," అంది. "పండగ పండగకు తిడుతుండె. నువ్వు పక్కన కూసోని ఇంటుంటివి." లేచి లోపలికి వెళ్లింది. ఎప్పుడూ నేను వెళ్లగానే వచ్చే చాయ్ ఆ రోజు రాలేదు. పది రోజులు ఫోన్ కూడా లేదు. ఫోన్ లేదు అని పది పేజీల్లోనూ రాశాను.

పదకొండో రోజు ఫోన్ చేసి, "బోర్డు రాసినవా?" అంది. రాయలేదన్నాను. "రాయి. ఆ ఉస్తాద్ పేరు ముందు రాయి, బాపు పేరు ఎనక." అలాగే రాసిచ్చాను. చేసినవారు ఖాదర్ ఉస్తాద్, జంగయ్య. అంతకు మించి నాలుగు ముక్కలు నాకు రాలేదు.

హోటలువాళ్లు బండిని తీసుకుపోయే ముందు రోజు, పద్మ ఇంటి దగ్గరి నడివయసు మెకానిక్కును పిలిపించాను. వెనక చక్రం విప్పించాను. డ్రమ్ము లోపల ఆనాటి అరిగిన రేకులు అలాగే ఉన్నాయి. అతను పొట్లం విప్పి లైనర్లను అటూ ఇటూ తిప్పి చూసి, "గట్టిపడ్డయి గని పగుల్లేదు. మంచి పని ఇది," అన్నాడు. మళ్లీ నన్ను చూసి, "పెద్దాయనా, ఇది ఇగ నడిచేది గాదు. హోటల్ ముందర నిలబడేదానికి బ్రేకెందుకు?" అన్నాడు.

"వెయ్యి," అన్నాను.

పద్మ చాయ్ తెచ్చి నా పక్కన పెట్టి, అక్కడే నిలబడి చూసింది. చక్రాన్ని పైకెత్తి బిగించాక అతను చేత్తో గట్టిగా తిప్పాడు. నేను కుడి వైపుకు వెళ్లి, వంగిన ఆ పట్టీ మీద కాలు పెట్టి తొక్కాను. చక్రం ఆగింది.

పని పుస్తకం సంచిలో తెచ్చుకున్నాను. కింద గీత కొట్టిన ఆ చివరి పంక్తిని నేను దిద్దలేదు. దాని కింద రాశాను. "వెనక బ్రేకు లైనర్లు – ఈ రోజు వేయడం అయింది. దగ్గరుండి చూశాను."